మోగే గాలిపటం కావాలన్న ఉర్బానో

ఉర్బానో జొఫోలి మా దుకాణానికి వచ్చిన రోజు గాలి లేదు. ఏప్రిల్ మొదటివారం. సముద్ర స్నానాల సీజను మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. ఇసుక పొడవునా బట్టలు మార్చుకునే గదులకు రంగులు వేస్తున్నారు, ఆ వాసన మా గుమ్మం దాకా వస్తోంది. ఆయన అక్క ఆర్జియా మోచెయ్యి పట్టుకుని మెట్టెక్కి, చేతికర్రతో గడపను ఒకసారి తడిమి, "ఇల్వా, ఉన్నావా అమ్మా?" అన్నాడు.

ఇటలీ తీరాన మా చెర్వియాలో ఆయన ముఖం తెలియనివాళ్లు ఉంటారేమో కానీ గొంతు తెలియనివాళ్లు లేరు. పురపాలక కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాడు. నీళ్ల బిల్లు గురించి ఫోను చేసినా, పెళ్లి కాగితాల కోసం చేసినా, వీధి దీపం వెలగడం లేదని తిట్టడానికి చేసినా ముందు పలికేది ఆయనే. మనం "హలో" అంటే చాలు, పేరు పెట్టి పిలిచి, మీ నాన్నగారి మోకాలు ఎలా ఉందని అడిగేవాడు. ఉప్పుమళ్లలో పనిచేసే కూలీ కొడుకు. పదకొండో ఏట చూపు మసకబారింది, పదమూడు నిండేసరికి పూర్తిగా పోయింది. బొలోన్యాలో చూపులేనివాళ్ల బడిలో చదువుకుని, తిరిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పెళ్లి చేసుకోలేదు. తనకన్నా ఏడేళ్లు పెద్దదైన ఆర్జియా కాలువ పక్కన పియదీనా రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్లిద్దరూ వీధిలో నడిచేటప్పుడు తమ్ముడి చెయ్యి అక్క మోచేతి మీద లేకుండా నేను ఎప్పుడూ చూడలేదు.

రెండు దారాల గాలిపటం కావాలన్నాడు. ఒక్కో చేతికి ఒక్కో దారం కట్టుకుని, కుడి లాగితే కుడికి, ఎడమ లాగితే ఎడమకి, గుండ్రంగా, ముక్కోణంగా, ఎలా కావాలంటే అలా తిప్పుకునే రకం.

"ఏ వయసు పిల్లలకి?" అని అడిగాను.

"యాభై ఎనిమిదేళ్ల పిల్లాడికి. కాస్త మొండివాడు."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆర్జియా వైపు చూశాను.

"నన్ను చూడకు," అంది ఆవిడ. "వద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వినే రకమైతేగా."

విషయం ఆయనే చెప్పాడు. ప్రతి వసంతంలోనూ గాలిపటాల పండుగకి దేశదేశాల నుంచి జనం వచ్చి మా బీచ్‌లో చేరతారు. ఆయన రోజూ వెళ్లి బల్లమీద కూర్చుని వినేవాడట. కిందటి ఏడాది ఒక పెద్దమనిషి, ఏ ఊరివాడో కూడా తెలియదు, పిలిచి తన పటం దారాల చివర ఉండే చేతిపట్టీలు ఆయనకిచ్చి ఒక్క నిమిషం పట్టుకోమన్నాడట. ఆ ఒక్క నిమిషంలో పటం ఎక్కడుందో తనకు తెలిసిందట. ఈ మాట ఏడాదిపాటు ఎవరితోనూ అనలేదు. జనవరిలో ఉద్యోగం అయిపోయింది. మార్చి చివరిదాకా ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు వచ్చాడు.

ఆ రోజు నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. సంచి ఆకారంలో ఉండే ఒంటిదారం పటం తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఇది ఎక్కించాక ఆకాశంలో ఒకచోట నిలబడిపోతుంది, దారం పట్టుకుని కూర్చుంటే చాలు, హాయిగా ఉంటుంది అని చెప్పాను. ఆయన గుడ్డను వేళ్లతో నలిపి చూసి, మడిచి, బల్లమీద పెట్టాడు.

"కదలనిది నాకెందుకమ్మా? ముప్పై ఒక్క ఏళ్లు కదలకుండా కూర్చుంది నేనే కదా."

గురువారం మధ్యాహ్నం రమ్మన్నాను. ఆ రోజు సముద్రం మీంచి నిలకడైన గాలి వస్తుందని రేడియోలో చెప్పారు.

మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. మరీ చిన్నది వద్దు, చిన్న పటం కందిరీగలా తిరుగుతుంది, మన చెయ్యి దాన్ని అందుకోలేదు. మరీ ఖరీదైనదీ వద్దు. మొదటి నెలంతా అది నేలనే గుద్దుకుంటుంది, కాబట్టి వంగి మళ్లీ లేచే ఫైబర్ పుల్లలుండాలి. రెక్క చివరి నుంచి రెక్క చివరికి ఒక మనిషి నిలువు కన్నా కాస్త ఎక్కువుంటే, నెమ్మదిగా, చెప్పిన మాట వింటూ తిరుగుతుంది. ఇవన్నీ కళ్లున్నవాళ్లకు చెప్పే మాటలు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియక మూడు పటాలు పట్టుకెళ్లాను.

ఆయన్ని నీళ్లకు దగ్గరగా, అలలు వీపు వెనక ఉండేట్టు నిలబెట్టాను. గాలి మెడ వెనక తగులుతోంది, ఎటు తిరిగి ఉన్నాడో ఆయనకు అదే చెబుతుంది. పటాలను నేనే ఎగరేశాను. ఆయన నా పక్కన నిలబడి, రెండు దారాల మీదా చెరో వేలు ఆనించి విన్నాడు.

మొదట చిన్నది ఎక్కించాను. అర నిమిషం కూడా కాకముందే తల ఊపి, "వీడు వాగుడుకాయ. ఒక మాట పూర్తవకుండానే ఇంకోటి ఎత్తుకుంటున్నాడు," అన్నాడు.

రెండోది మా దుకాణంలో అన్నిటికన్నా మంచిది. కార్బన్ పుల్లలు, పల్చటి గుడ్డ. పోటీలకు వెళ్లేవాళ్లు కొనేది. చప్పుడు లేకుండా వెన్నలా జారుతుంది. గాలిపటం గుడ్డ అంచు రెపరెపలాడి గోల చెయ్యకుండా ఉండాలని తయారుచేసేవాళ్లు ఎంత తంటాలు పడతారో నాకు తెలుసు. దాన్ని నేను ఒక పెద్ద చుట్టు తిప్పి దించాను. ఆయన నావైపు తల తిప్పాడు.

"ఎక్కించావా?"

"ఎక్కించి దించేశాను కూడా."

"లైను కట్టయిందనుకున్నాను," అన్నాడు.

మూడోది అమ్మడానికి తెచ్చింది కాదు. నేర్చుకునేవాళ్లకు అప్పుడప్పుడు ఇచ్చే పాతది, రెండు చోట్ల అతుకులు వేసింది. దాని వెనక అంచులో గుడ్డను బిగించే సన్నటి తాడు వదులైపోయి, ఎగిరినప్పుడు తుమ్మెదలా మోగుతుంది. బిగించాలని ఆరునెలలుగా బల్లమీద పెట్టుకున్నా కుదరనే లేదు. పైకి లేవగానే బొంయ్‌మంది. కిందకి దూకుతున్నప్పుడు మోత పెరిగింది, ఓ పక్కకు వెళ్లినప్పుడు తగ్గింది, తిప్పగానే స్వరం మారింది. ఉర్బానో వేళ్లు దారాల మీదే ఉన్నాయి. ముఖం మాత్రం పటం ఎటు వెళ్తే అటు తిరుగుతోంది. కుడికి తీసుకెళ్లాను, కుడికి తిరిగింది. నెత్తిమీదకి తెచ్చాను, గడ్డం పైకి లేచింది. ఆర్జియా రొట్టెల సంచి పట్టుకుని నిలబడినది నిలబడినట్టే ఉండిపోయింది.

"ఇది," అన్నాడాయన. "దీన్ని బాగుచెయ్యకు."

దారం పొడవు దగ్గర కాస్త ఆలోచించాం. పొడుగుంటే పటం నింపాదిగా తిరుగుతుంది కానీ మోత వినపడదు. పొట్టిగా ఉంటే బాగా వినపడుతుంది, తొందరపెడుతుంది. ఇరవై మీటర్ల దగ్గర రాజీపడ్డాం. ఎడమ పట్టీకి ఒక ముడి వేసి ఇచ్చాను, గుర్తుగా.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ మధ్యాహ్నం వచ్చారు. నా దుకాణం కిటికీలోంచి వాళ్లు కనపడేవారు. పటం లేవడం, రెండు సెకన్లు మోగడం, ముక్కు కిందకి పెట్టి ఇసుకలో దిగబడటం. ఆర్జియా నడిచి వెళ్లి దాన్ని నిలబెట్టడం, "ఊఁ, లాగు" అని కేకెయ్యడం. ఆవిడ ఊరికే ఉండేది కాదు. ఎడమకిరా, పైకిరా, కాదురా కుడికి అని గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉండేది. సాయంత్రానికి ఇద్దరికీ గొంతులు పోయేవి. రెండో వారంలో ఒక పుల్ల విరిగింది, మార్చి ఇచ్చాను. మూడో వారంలో ఇక ఈ ముచ్చట తీరిపోతుందిలే అనుకున్నాను.

మే నెల మొదటి మంగళవారం నేను కూడా అక్కడే ఉన్నాను. పటం అప్పుడే తొమ్మిదోసారి పడింది. ఆర్జియా వెళ్లి నిలబెట్టి, చేతులు దులుపుకుని వెనక్కి వచ్చింది.

"ఈసారి నేను చెప్పగానే లాగు. నువ్వు ఆలస్యం చేస్తున్నావు."

ఉర్బానో పట్టీలు కిందకి దించాడు. "అక్కా, నువ్వు చెప్పి నేను వినేలోపు అది పడిపోతోంది. పైగా నీ గొంతులో దాని గొంతు వినపడటం లేదు."

"అంటే నోరు మూసుకోమంటావు."

"మనుషుల్ని చూడమంటున్నాను. ఎవరైనా అడ్డం వస్తుంటే ఆగమని చెప్పు. అది నావల్ల కాదు. పటాన్ని మాత్రం నాకొదిలెయ్."

ఆర్జియా ముఖం ఎర్రబడింది. యాభై ఏళ్లకు దగ్గరగా ఆవిడ ఆయనకు మెట్లు లెక్కపెట్టింది, పళ్లెంలో ఏది ఎక్కడుందో చెప్పింది, రోడ్డు దాటించింది. వెళ్లి ఇసుక మీదకి లాగి ఉంచిన ఒక పడవ అంచు మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. నేను పిలవబోతే ఆయనే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు.

ఒక అడుగు వెనక్కి వేసి లాగాడు. పటం లేచింది. మోత పెరగగానే రెండు చేతులూ సమంగా పట్టుకున్నాడు. అది నెత్తిమీదకి వెళ్లి, బరువు తగ్గి, కూనిరాగం తీస్తున్నట్టు మోగింది. కుడి చెయ్యి కొద్దిగా లాగాడు. పడిపోతుందనుకున్నాను. పడలేదు. పక్కకు వెళ్లి, దారం వదులవుతుందనగా ఎడమ లాగాడు, మళ్లీ మధ్యకి వచ్చింది. ఒక చుట్టు తిప్పాడు. ఒక్కో చుట్టుకీ దారాల్లో ఒక మెలిక పడుతుంది, అటు ఎన్ని తిప్పితే ఇటు అన్ని తిప్పి విప్పుకోవాలి. "ఒకటి," అన్నాడు పైకే. "రెండు." తర్వాత ఇటువైపు, "ఒకటి. సున్నా." వందల ఫోను నంబర్లు తలలో పెట్టుకున్న మనిషికి అది పెద్ద లెక్క కాదు.

మోత ఆగకపోయేసరికి ఆర్జియా వెనక్కి తిరిగింది. లేచి నిలబడింది. నడిచి వచ్చి నా పక్కన నిలబడి, చాలా చిన్న గొంతుతో, "నేనేం చెప్పడం లేదు కదా," అంది.

"లేదు."

"మరి ఎవరు చెబుతున్నారు?"

నేను మోగుతున్న పటాన్ని చూపించాను. ఒక ముసలాయన కుక్కతో మావైపు వస్తుంటే ఆవిడే చూసింది. "ఆగరా, మనిషి," అంది మెల్లగా. ఉర్బానో పటాన్ని నెత్తిమీదకి తీసుకెళ్లి, కుక్క దాటేదాకా అక్కడే ఉంచాడు. గాలి సన్నగిల్లి పటం తనంతట తానే దిగేదాకా ఎగరేశాడు. నేను గడియారం చూస్తే పదకొండు నిమిషాలు. ఆయన పట్టీలు విప్పమని అడిగి, ఇసుకలో చతికిలబడి, సముద్రం వైపు చెవి పెట్టాడు. ఆర్జియా సంచిలోంచి రొట్టె తీసింది. ఎప్పుడూ చేసేట్టు చిన్న ముక్కలుగా తుంచబోయి, ఆగి, మొత్తం రొట్టె ఆయన చేతిలో పెట్టింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి దిక్కు మార్చుకుని భూమి వైపు నుంచి ఈడ్చి కొట్టింది. పటం నీటి అంచున నేలను గుద్దుకుంది. నేను పరుగెత్తి వెళ్లేలోపు ఆయన అక్కడి నుంచే, "ఎడమ రెక్క, కింది పుల్ల. చీలింది, పూర్తిగా విరగలేదు," అన్నాడు. తీసి చూస్తే అంతే. పైకి కనపడని చీలిక, వేలితో నొక్కితే తప్ప తెలియదు. నా తండ్రి పడవలకు తెరచాపలు కుట్టేవాడు, నేను ఇరవై ఏళ్లుగా గాలిపటాలు కుడుతున్నాను, నాకు వినపడలేదు.

అప్పటి నుంచి బుధవారాలు మా దుకాణానికి వస్తున్నాడు. బాగుచేసిన పటాలను ఎగరేసి చూసే పని ఆయనది. మొదటి పటం కొనడానికి వచ్చేవాళ్లతో మాట్లాడే పని కూడా మెల్లగా ఆయనదే అయింది. పటం మీద బొమ్మ చూసి కొనొద్దని చెబుతాడు. రంగు గురించి అడిగితే ఆర్జియాను అడగమంటాడు. చాలామంది ఆయన మాట విని నెమ్మదైన పటం తీసుకెళ్తారు. కొందరు వినకుండా కార్బన్‌ది కొని, వారంలో విరిగిన పుల్లలతో వస్తారు. వాళ్లను ఆయన ఏమీ అనడు, ఆర్జియా మాత్రం రెండు మాటలు అంటుంది.

ఈ ఏడాది వసంతంలో పండుగవాళ్లు వచ్చి, అందరి ముందూ ఎగరెయ్యమని ఆయన్ని అడిగారు. మైకులో పేరు చదువుతామన్నారు. మర్యాదగానే వద్దన్నాడు. ఆ మైకు, ఆ పాటలు ఉంటే తన పటం మాట తనకు వినపడదన్నాడు. వాళ్లకు అది వినయంలా తోచింది. అది ఉన్నమాట.

పండుగ ముగిసిన మర్నాడు, సోమవారం, అందరూ వెళ్లిపోయాక ముగ్గురం ఇసుక మీదకి వెళ్లాం. రాత్రి వాన పడింది, నేల గట్టిగా ఉంది. ఆయన సాయంత్రం దాకా ఎగరేశాడు. దించేటప్పుడు పటాన్ని ఓ పక్కకు, దారాలు వదులయ్యేదాకా తీసుకెళ్లి, మోత సన్నబడి ఆగిపోయే చోట రెండు చేతులూ ముందుకు చాచాడు. అది ముక్కు పైకి పెట్టుకుని నిటారుగా నేలమీద నిలబడింది. మోత ఆగింది.

"నిలబడిందా, పడిందా?" అని అడిగాడు.

ఆర్జియా ముప్పై అడుగులు నడిచి వెళ్లి, దాని పక్కన నిలబడి, అక్కడి నుంచి అంది.

"నిలబడే ఉంది. నేను ముట్టుకోలేదు."

ఆయన పట్టీలు బిగించుకుని, మళ్లీ లేపడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయితే పక్కకు జరుగు," అన్నాడు.