సినిమాలో లేని రౌడీ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకరు సినిమా చూసొస్తే పదిమంది చూసినట్టే లెక్క. చోడవరం వెళ్ళి ఆట చూసినవాళ్ళు మర్నాడు పాటలతో సహా కథ చెప్పాలి. ఆసారి ఆ పని నాకూ మా తాతయ్యకూ పడింది. వినవలసింది పక్కింటి అక్క. చెరుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసి, ఇంక నడవమని డాక్టరు చెప్పినా భయపడి మంచం దిగేది కాదు.

రౌడీ సినిమా అని ఎంతో ఆశపడి వెళ్ళాం. తీరా చూస్తే మూడు గంటలూ మాటలే. బొంబాయిలో ఆ రౌడీ కుర్చీలో కూర్చుంటాడు, ఎవరో వస్తారు, మాట్లాడతారు, పోతారు. ఒక్క ఫైటింగైనా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాతయ్య మొదట్లోనే గురక పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే అక్క మంచం మీద ఓ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. "ఏటే గుంటా, ఎలగుంది?" అంది.

"ఏటీ లేదక్కా, ఒకటే మాటలు" అనేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. నా నోటిమీద నాకే కోపం వచ్చింది.

"దానికేటి తెల్సు, అది తొంగుండిపోనాది" అని తన నిద్ర నా మీదకి తోసేసి, నా వెంట వచ్చిన తాతయ్య కథ అందుకున్నాడు. ఆయన కథలో ఆ బొంబాయి రౌడీని శత్రువులు చెరుకు తోటలో తరిమారు. బొంబాయిలో చెరుకు తోటలేమిటని అక్కా అడగలేదు, నేనూ అడగలేదు. అక్కడ రౌడీ కాలు విరిగి పడ్డాడు. ఇంక లేవడనే అందరూ అనుకున్నారు. "ఓ పొద్దు గోడట్టుకుని లెగిసేడమ్మా. ఒకడుగేసేడు. పడిపోనేదు" అన్నాడు తాతయ్య.

అక్క తల తిప్పి మంచం పక్క గోడకేసి చూసింది. ఆ వారంలోనే గోడ పట్టుకుని లేచింది.

మరుసటేడు ఆ సినిమా మళ్ళీ ఆడితే, అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి చూసింది. రౌడీ ఆ కుర్చీలోంచి కదిలితే ఒట్టు. బస్సు దిగేసరికి తాతయ్య ఎదురొచ్చి ఎలా ఉందని అడిగాడు. నేను అక్క వెనక్కి నక్కాను.

"నువ్వు సెప్పినట్టే ఉంది తాతా" అంది అక్క.

ఎవరికి చెబుతున్నామో చూసుకుని చెప్పాలని ఆ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను. వాళ్ళిద్దరూ అంటే నాకిప్పటికీ ప్రాణం.

మొన్నీమధ్య నా మోకాలికి ఆపరేషనైంది. విశాఖపట్నం నుంచి చూడ్డానికొచ్చిన మనవరాలు, ఏదో గ్యాంగ్‌స్టర్ సినిమాకి వెళ్తే అన్నీ మాటలేనని విసుక్కుంది. అందులో రౌడీ లేచి నడుస్తాడా అని అడిగాను. లేదంది.

"అయితే నేను సూసిందే బాగుందే" అని, గోడ పట్టుకుని లేచాను.