యంత్రాలకు ఆయుష్షు రాసే మనిషి

మా ఆఫీసు కంప్యూటర్లు చూసే ఆయన గురించి ఒక పుకారు ఉండేది. ప్రతి యంత్రం మీదా చిన్న తెల్ల స్టిక్కర్ అంటించి, అది ఏ నెలదాకా పనిచేస్తుందో రాస్తాడనీ, ఆ నెల రాగానే తనే దాన్ని చంపేస్తాడనీ. ఎందుకంటే ఆయన బావమరిదికి కంప్యూటర్ల షాపుందట. కొత్తది అక్కడినుంచే వస్తుందట. ఈయనకు ఆ షాపులో వాటా, చేతికింద పదిమంది పనివాళ్ళు, రెండంతస్తుల ఇల్లు ఉన్నాయట. ఇదంతా మా డిజైనరు చెప్పేవాడు. ఆ బావమరిదిని చూసినవాళ్ళు ఎవరూ లేరు గాని, షాపుకు ఎటు తిరిగి వెళ్ళాలో మాత్రం అందరికీ తెలుసు.

"బాబోయ్, ఆయన నావైపు చూస్తేనే గుండె గుభేలుమంటుంది. నా వీపు మీద ఏ నెల అంటిస్తాడో!" అనేది లెక్కలు చూసే అక్క.

అలా ఆయనకు చిత్రగుప్తుడనే పేరు స్థిరపడింది.

మాది మందుల కోసం అట్టపెట్టెలు ముద్రించే ప్రెస్సు. నేను ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుంటాను. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళ వేళ పుస్తకంలో రాయడం నా పని. ఆయన గురువారం గురువారం తొమ్మిదింటికి వచ్చేవాడు. యాభై దాటి ఉంటాయి. భుజాన నల్ల సంచి, జేబులో రెండు కలాలు. "వచ్చానమ్మా" అనేవాడు. సాయంత్రం "వెళ్ళొస్తానమ్మా" అనేవాడు. ఈ రెండు మాటల మధ్య ఆయన ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. ఆయన గదిలోకి వస్తే అక్కడి నవ్వులు ఆగిపోయేవి, వెళ్ళాక మళ్ళీ మొదలయ్యేవి. మధ్యాహ్నం అందరూ మేడ మీద కలిసి తింటుంటే, ఆయన సర్వర్ల గది గుమ్మంలో స్టూలు వేసుకుని డబ్బా విప్పుకునేవాడు. ఒకసారి అక్క మాటవరసకు పిలిచింది.

"ఇక్కడ చల్లగా ఉందమ్మా" అన్నాడు.

మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ఆయన కంపెనీకి మేం నెలకింతని ఒకే మొత్తం ఇస్తాం. ఒక యంత్రం చెడినా అంతే, పది చెడినా అంతే. ఏదీ చెడకపోతేనే వాళ్ళకు సుఖం. ఇది బిల్లులు ఫైలులో పెట్టే నాకు తెలుసు. డిజైనరుకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. పదో తరగతి కూడా పూర్తిచేయని దాని మాట ఎవరు వింటారులే అని మూసుకున్నాను.

ఆ ఏడాది చివర, వచ్చే సంవత్సరం ఖర్చులు అనుకునేందుకు మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టింది. ప్రెస్సు ఆమెది, వాళ్ళ నాన్నగారినుంచి వచ్చింది. మాటలు రాసుకోమని నన్నూ పిలిచింది. ఆయన ఒకే ఒక కాగితం బల్లమీద పరిచాడు. మూడేళ్ళు, నెలకో గడి. ఏ యంత్రం ఎప్పుడు మార్చాలి, ఎంతవుతుంది, అన్నీ అందులోనే.

"అట్టలు కోసే కొత్త మిషను మార్చిలో కొనుక్కోండి మేడమ్. కాపీలుంచే సర్వర్ ముసలిదైంది గాని జూన్ దాకా లాగుతుంది. రెండూ ఒకేసారి మీ నెత్తిన పడకుండా సర్దాను. సెప్టెంబరులో ఏదీ పెట్టలేదు. అప్పుడు మీకు ఆర్డర్లు తక్కువ."

"నా ఆర్డర్లు ఎప్పుడు తక్కువో మీకెలా తెలుసండీ?"

"సెప్టెంబరులో మీ ఆర్డర్ల ఫైళ్ళకు రోజూ తీసే కాపీ చిన్నదవుతుందండి. నాలుగేళ్ళుగా చూస్తున్నాను."

మేడమ్ కాగితం తన దగ్గరికి లాక్కుంది. "నాన్నగారి కాలంనుంచీ ఏది చెడితే దాని వెనక పరిగెత్తడమే. ఏడాది మొత్తం ముందే కనపడటం నాకిదే మొదలు" అంది. తర్వాత కాస్త ఇబ్బందిగా, "మీ కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది కదా. ఇంకో కంపెనీ కూడా వచ్చి కలిసింది. వచ్చే వారం శుక్రవారం చెప్తాను" అంది.

ఆయన కాగితం చివర చేత్తో సాపు చేశాడు. "అలాగేనండి" అన్నాడు. లేచేటప్పుడు సంచి తీసుకోవడం మరిచిపోయి, గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

మేడమ్ చెవిలో పుకారు వేసింది డిజైనరే. "నమ్మకపోతే నేను రుజువు చేస్తాగా" అని మాతో అన్నాడు. సర్వర్ల గదిలో రెండు నల్ల పెట్టెలున్నాయి, అచ్చం కవలపిల్లల్లా. ఒకటి మా ఆర్డర్లూ డిజైన్లూ నడిపేది, కొత్తది. రెండోది వాటి కాపీలుంచే ముసలిది. బుధవారం వాడు ఆ రెండింటి స్టిక్కర్లూ గోటితో లేపి అటుదిటూ ఇటుదటూ అంటించాడు.

"చిత్రగుప్తుడి చిట్టా మార్చేశా చెల్లెమ్మా! జూన్ స్టిక్కర్ ఇప్పుడు కొత్తదాని మీదుంది. జూన్లో అదే చచ్చిందనుకో, దొంగ దొరికినట్టే."

"ఒరేయ్, నీకు పనేం లేదా?" అంది అక్క నవ్వుతూ.

నేను నవ్వలేదు. వద్దనీ అనలేదు.

మర్నాడు ఆయన ఎప్పటిలాగే ముసలి సర్వర్‌లో దుమ్ము దులపడానికి దాన్ని ఆపబోయాడు. అది ఆగితే ఎవరి పనీ ఆగదు. స్టిక్కర్ చూసి మీట నొక్కాడు. ఆగింది కొత్తది. ఒక్కసారిగా ఆఫీసంతా గోల. సగంలో ఉన్న డిజైన్లు పోయాయి, ముద్రణ నలభై నిమిషాలు నిలిచిపోయింది. మేడమ్ గదిలోకి వచ్చేసరికి ఆయన మోకాళ్ళమీద కూర్చుని పెట్టె వెనక అంకెలు చదువుతున్నాడు.

"ఏది ఏదో మీకే తెలియనప్పుడు, మూడేళ్ళ కాగితం నేనెలా నమ్మనండీ?"

ఆయన స్టిక్కర్ అంచు వేలితో తడిమాడు. అది మడత పడి ఉంది. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది.

"అంకెలు చూసి నొక్కాల్సిందండి. నా తప్పే" అన్నాడు.

ఆ సాయంత్రం నా బల్ల ముందునుంచే వెళ్ళాడు. "వెళ్ళొస్తానమ్మా" అనలేదు. పుస్తకంలో వేళ రాశాను, ఐదూ పది. ఇంటికి వెళ్ళాక అమ్మ ఏమైందే అని అడిగితే ఏం లేదన్నాను.

శుక్రవారం పొద్దున్నే మేడమ్ పిలిచి కంప్యూటర్ తెర చూపించింది. ముందురోజే ఆమె వాళ్ళ కంపెనీకి ఫిర్యాదు రాసిందట, వేరే మనిషిని పంపకపోతే కాంట్రాక్టు వద్దని. జవాబు వచ్చింది: "జరిగినదానికి చింతిస్తున్నాం. బాధ్యుణ్ణి గట్టిగా మందలించాం. వేరేవారిని పంపడం మాకు వీలుపడదు."

"వీలుపడదంటే ఇక సరే. ఆ రెండో కంపెనీకి ఫోను కలుపు."

"మేడమ్, ఆ స్టిక్కర్లు ఆయన మార్చలేదు. మనవాళ్ళే మార్చారు. నేను చూశాను" అన్నాను. మిగతాది ఎలా చెప్పానో గుర్తు లేదు. బిల్లుల సంగతి కూడా చెప్పాను.

మేడమ్ డిజైనరును పిలిపించింది. వాడు ముందు బుకాయించాడు, తర్వాత "సరదాకి మేడమ్" అన్నాడు.

"నలభై నిమిషాలు ప్రెస్సు ఆగింది, నీకు సరదానా?" అని, నావైపు తిరిగింది. "వాళ్ళ పెద్దాయనకు ఫోను చెయ్యి. తప్పు మనదని చెప్పు. మూడేళ్ళకు కాంట్రాక్టు ఇస్తున్నామని, ఆ కాగితం ప్రకారమే నడుస్తామని, ఈయన్నే పంపమని చెప్పు."

బల్ల దగ్గరికి వచ్చి కంపెనీ నంబరు తిప్పాను. ఎత్తింది ఆయనే.

"సార్, మీరా? మేడమ్ మీ పెద్దసారుతో చెప్పమన్నారు."

"చెప్పమ్మా."

అన్నీ చెప్పాను.

"మిమ్మల్ని ఊరికే తిట్టారు సార్. మందలించినాయనకి మీరైనా చెప్పండి."

"ఆయనకి తెలిసిందిలే తల్లీ" అన్నాడు. "ఆ ఉత్తరం రాసింది నేనే. ఈ కంపెనీలో ఉన్నది నేనొక్కణ్ణే."