అడ్డం వచ్చిన మనిషి

ఉలామిలాకు డెబ్బై ఒకటో ఏట మళ్ళీ కొలువు దొరికింది. అదీ కూర్చుని సినిమా చూసే కొలువు. ద్వీపదేశపు రాజధాని సువాలో కొండమీది విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు టీ బండి తోసి ఇంటికెళ్ళిపోయిన మనిషిని, వారానికి రెండు రోజులు వచ్చి పాత ఫిలిముల్లో కనపడేవాళ్ళ పేర్లు చెప్పమని కబురు పెట్టారు.

అంతకుముందు ఆ పనికి పెద్దపెద్దవాళ్ళనే పిలిచారు లెండి. రిటైరైన ఆచార్యులు ఒక్కొక్కరే వచ్చి తెర ముందు కూర్చున్నారు. ప్రతివాడూ తనని తాను ఇట్టే గుర్తుపట్టాడు. "అబ్బ, అప్పుడెంత సన్నగా ఉండేవాణ్ణి!" అని మురిసిపోయాడు. పక్కనున్నది ఎవరని అడిగితే మాత్రం బుర్ర గోక్కుని, పెట్టిన బిస్కట్లు తిని వెళ్ళిపోయాడు. పదిహేను రోజుల్లో తేలినవి పదకొండు పేర్లు. ఒకే మనిషిని చూపించి అది నేనంటే నేనని ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. ఆ పాత ఫిలిములూ టేపులూ దాచే గదులకు అధికారి రేణుకా మహారాజ్. ఆమె విసిగిపోయి, ఆ రోజుల్లో అందరి మొహాలూ రోజూ చూసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని వాకబు చేస్తే ఉలామిలా దొరికింది.

"బూబూ, ఆ కళ్ళద్దాలాయన ఎవరు?" అని రేణుక అడిగేది. బూబూ అంటే అమ్మమ్మ. ఆ కొండమీద ఉలామిలా అందరికీ బూబూయే.

"మూడు చెంచాల పంచదార."

"పేరు బూబూ, పేరు."

"ఉండమ్మా, వస్తోంది. పంచదార ముందొస్తుంది, పేరు వెనకాల నడిచొస్తుంది. డాక్టరు మానెయ్యమన్నాడని పెళ్ళాం దగ్గర ఒట్టేసి, నా దగ్గరకొచ్చి మూడు చెంచాలు వేయించుకునేవాడు. ఆఁ, విట్లోక్! పీతల పాఠం చెప్పేవాడు. పక్కనున్నది ఆయన్ని కన్నెత్తి చూడని ఇంకో పీతలాయన. పాలు లేకుండా తాగేవాడు, అందుకే అంత చేదు మొహం."

రేణుక పేర్లు మాత్రం రాసుకుని, తక్కినవి విననట్టు తల వంచుకుని నవ్వుకునేది. వెనక నుంచి నడక చూసి చెప్పింది ఉలామిలా, బట్టతల చూసి చెప్పింది, ఒక్క చెయ్యి మాత్రమే కనపడితే కప్పు పట్టుకున్న తీరు చూసి చెప్పింది. ఊరేగింపు ముందు నేనే నడిచానని యాభై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్న ఒక పెద్దమనిషి, ఆ ఊరేగింపు సాగుతున్నంతసేపూ వెనక గుమ్మంలో నిలబడి ఆమె బండి మీది కేకు తింటున్నాడని కనిపెట్టింది కూడా ఆమే. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని రేణుక బతిమాలింది. అప్పటికే చర్చిలో సగం మందికి తెలిసిపోయింది.

ఫిలిముల తర్వాత టేపులు. పాలకసభ చర్చల టేపు ఒకదాంట్లో మాటల వెనక ఉండుండి ఏదో కిచకిచమనేది. దాన్ని తీసెయ్యడానికి అపెనిసా వారం రోజులు కుస్తీ పట్టాడు. తెగిన ఫిలిములు అతికించేది, జిగురెక్కిన టేపుల్ని సన్నటి సెగ మీద ఆరబెట్టి బతికించేది అతనే. ఉలామిలా విని అంతెత్తున లేచింది.

"అది నా బండి ఎడమ చక్రం రా! దాన్ని తీసేస్తే వీళ్ళకి టీ ఎవరిచ్చారంట, ఆకాశంలోంచి పడిందా? ఇంట్లో పెళ్ళాం వండిపెట్టదు గావును, ఇక్కడ కూచుని టేపులు వండుకుంటున్నాడు దౌర్భాగ్యుడు."

"నీ టీ తాగే కదే ముసలీ, ఇంతమంది ప్రొఫెసర్లు పెందలాడే పోయారు!" అన్నాడు అపెనిసా.

యాభై దాటిన ఉద్యోగి డెబ్బై దాటిన ముసలమ్మను అలా అనొచ్చా అంటే, అనొచ్చు, అనాలి. ఆమెది కందావు ద్వీపం, అతనిది ఓవలావు. ఆ రెండు దీవులవాళ్ళూ ఒకరికొకరు తౌవూలు, అంటే వేళాకోళపు వరస. ఒకే మూలపురుషుడి సంతతివాళ్ళమని ఇద్దరూ చెప్పుకుంటారు. తౌవూలు ఎదురుపడితే తిట్టుకోవలసిందే, ఒకరు మర్యాదగా మాట్లాడితే ఒంట్లో బాగోలేదేమోనని రెండోవారు నుదురు పట్టి చూస్తారు. ఒకరి చేతిలోది రెండోవారు అడక్కుండా పట్టుకుపోవచ్చు, పోగొట్టుకున్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. ఈ పద్ధతిలో అపెనిసా ఇప్పటికే రెండు గొడుగులూ ఒక రేడియోనూ సమర్పించుకున్నాడు.

ఇలా తిట్లతో, నవ్వులతో రోజులు బాగానే గడిచేవి. కానీ ఉలామిలా ఈ పనికి ఒప్పుకున్నది పీతలాయన కోసం కాదు.

ఆమె భర్త జొనేతనీ అదే కొండమీద గడ్డి కోసే మనిషి. ఆమె పందొమ్మిదేళ్ళ పిల్లగా టీ బండి పట్టిన మొదటి వారంలోనే వచ్చి నిలబడ్డాడు. తోటపనివాళ్ళకు ఆ బండి మీది టీ ఇవ్వకూడదని నిబంధన. చెవి విరిగిన కప్పు నిబంధనలో లేదు కదా అని ఆమె అందులో పోసిచ్చింది. ఆరు నెలల్లో పెళ్ళయింది. ఆయన పోయి పదకొండేళ్ళు. పెళ్ళి ఫొటో ఒక తుఫానులో ఇంటి కప్పుతో పాటు ఎగిరిపోయింది. మిగిలింది ఉద్యోగపు గుర్తింపు కార్డు, అందులో మహానుభావుడు కళ్ళు మూసుకున్నాడు. ఇంతకాలం బెంగ లేదు, మొహం మనసులో ఉందనుకుంది. ఈమధ్య తలుచుకుంటే ఆస్పత్రి మంచం మీది మొహం ఒక్కటే వస్తోంది. దానికి ముందుది ఎంత పిలిచినా రావడం లేదు. ఆమెకు భయం వేసింది. ఆ మొహం ఒక్కసారి చూసుకోవాలనే తెర ముందుకొచ్చి కూర్చుంది.

పద్నాలుగు ఫిలిములు చూసింది. జొనేతనీ గడ్డికోత యంత్రం ఆరుసార్లు కనిపించింది. గడ్డి పోగుచేసే దంతె మూడుసార్లు. మందార కంచె మీద టోపీ ఒకసారి. మనిషి లేడు.

"ఆయన ఏరీ బూబూ?" అంది రేణుక, ఆ టోపీ దగ్గర బొమ్మ ఆపి.

"తప్పుకున్నాడు. కెమెరా వస్తోందంటే పనివాళ్ళు కనపడకూడదని మేస్త్రీ అరిచేవాడు. నేనూ బండి తోసుకుని తలుపు వెనక్కి పోయేదాన్ని. నా మొగుడి టోపీకి పట్టిన యోగం నా మొగుడికి పట్టలేదు చూడు."

రేణుక నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

శుక్రవారం నాడు ఉలామిలా అపెనిసా గదికి వెళ్ళేసరికి ముక్కు పగిలే వాసన. బల్ల కింద ఒక తుప్పు పట్టిన డబ్బా ఉంది, మూత మీద "పనికిరానివి" అని ఎవరో ఎప్పుడో రాశారు.

"ఏంట్రా ఇది, ఊరగాయ పెట్టావా?"

"చచ్చిపోతున్న ఫిలిం అలాగే వెనిగర్ కంపు కొడుతుంది. అంటురోగం, పక్కవాటికి కూడా పాకుతుంది. సోమవారం చెత్త లారీకి ఇచ్చెయ్యమంది మేడమ్. జాబితాలో లేదు, జాబితాలో లేనిదాన్ని బాగుచెయ్యడానికి నిధి లేదు."

"లోపలేముంది?"

"ఏముంటాయి, కత్తిరించి పారేసిన ముక్కలు. తల తెగిన బొమ్మలు, కెమెరా ఊగిపోయినవి, అడ్డం వచ్చిన మనుషులు."

ఉలామిలా మూత మీది రాతకేసి చూసింది.

"అడ్డం వచ్చిన మనుషులంటే మేమే కదరా," అంది.

వెంటనే వంగి డబ్బా ఎత్తి చంకలో పెట్టుకుంది. అపెనిసా లబోదిబోమన్నాడు. "అది నాది కాదే! విశ్వవిద్యాలయానిది!"

"ఎవరి గదిలో ఉంది? నీ గదిలో. నువ్వెవరు? నా తౌవూ. నవ్వు, నవ్వాలి నువ్వు."

పాపం, నవ్వాడు. ఏడవలేక నవ్వాడు గానీ నవ్వాడు.

బస్సులో ఆమె చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యాయి. ఇంటికి చేరగానే పక్కింటి సలానియెతా కిటికీలోంచి తొంగిచూసి, మామిడికాయ ఊరవేస్తున్నావా, నాకో సీసా ఇవ్వు అంది. ఉలామిలా వరండాలో చాప పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో ముక్కనూ ఎండకేసి పట్టి చూసింది. ఒక్కో బొమ్మ చిటికెనవేలి గోరంత. అందులో మనుషులు చీమలంత. ఒక ముక్కలో గడ్డికోత యంత్రం తగిలింది, దాని వెనక నిలువుగా ఏదో నలుసు. కళ్ళలో నీళ్ళు కారేదాకా చూసినా ఆ నలుసుకు కళ్ళూ ముక్కూ మొలవలేదు. చేతికందీ కనపడకపోతే ఎంత కడుపుమంటగా ఉంటుందో ఆ సాయంత్రం ఆమెకు తెలిసింది.

శనివారం పొద్దున్నే అపెనిసా వ్యాన్ వేసుకుని దిగాడు. పలకరించకుండా లోపలికొచ్చి నలువైపులా చూశాడు.

"ఆ గిన్నె నాది. ఆ చాప నాది. ఆ కోడిపెట్టా నాదే. మరిచిపోయాను, ఆ డబ్బా కూడా."

"దొంగ సచ్చినోడా!"

"నవ్వే ముసలీ. ఇప్పుడు నువ్వు నవ్వాలి," అన్నాడు అపెనిసా, డబ్బా ఎత్తుకుని. "నవ్వడం అయితే వ్యానెక్కు. ఇది ఇప్పుడు విశ్వవిద్యాలయానిది కాదు, నీదీ కాదు, నాది. నా సొంత ఫిలిం నా సెలవు రోజున నేను చూసుకుంటాను. ఎవరొద్దంటారు?"

వద్దనేవాళ్ళు అపెనిసా గదిలోనే ఉన్నారు. డబ్బా మాయమైందని తెలిసి రేణుక సెలవు రోజున కూడా వచ్చి గది మధ్యలో నిలబడింది. అపెనిసా సంగతంతా చెప్పాడు. తౌవూ సంగతి, చాప సంగతి, కోడిపెట్ట సంగతి కూడా. కోడిపెట్ట వ్యాన్లోనే ఉందని అదనంగా చెప్పాడు.

రేణుక బల్ల దగ్గరకు నడిచింది. సొరుగు తెరిచి ఒక కాగితం తీసింది. "మన పనికిరాని ముక్కలకు నిధి లేదు," అంది నెమ్మదిగా. "బయటివాళ్ళు తమ సొంత ఫిలిం తెచ్చిస్తే దానికి వేరే నిధి ఉంది. ఈ డబ్బా ఎవరిది?"

"నాది," అన్నాడు అపెనిసా.

"మీకెలా సంక్రమించింది? ఇక్కడ రాయాలి."

"ముసలిదాని ఇంట్లోంచి ఎత్తుకొచ్చాను."

"'సంప్రదాయబద్ధంగా' అని రాస్తాను," అంది రేణుక, మొహంలో ఒక్క గీత కదలకుండా. "లోపలేముందో కూడా రాయాలి. అందుకు చూడాలి మరి."

కుంచించుకుపోయిన ఫిలిం పెద్ద యంత్రంలో పెడితే ముక్కలవుతుంది. అపెనిసా అరచేయంత గాజు తెర ఉన్న చిన్న పరికరం తెచ్చాడు. పక్కన పిడి ఉంటుంది, చేత్తో తిప్పుకుంటూ చూడాలి. ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించేసరికి మధ్యాహ్నమైంది. ముగ్గురూ తలలు ఆనించి కూర్చున్నారు.

తల లేని కులపతి వచ్చాడు. ఊగిపోయే ఆకాశం వచ్చింది. ఎవరిదో బూటు చాలాసేపు వచ్చింది. "ఇది పీతలాయన బూటు," అంది ఉలామిలా, ఎవరూ అడక్కపోయినా. తర్వాత పచ్చిక వచ్చింది, దూరంగా స్నాతకోత్సవపు నల్లగౌన్ల వరస. అప్పుడు ఎడమ పక్కనుంచి గడ్డికోత యంత్రం తోసుకుంటూ ఒకడు సరాసరి తెర మధ్యలోకి వచ్చి ఆగి, కెమెరాకేసి చూశాడు. ఒక పెద్ద నవ్వు నవ్వాడు.

ఉలామిలా ఏడుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఆమె ముందుకు వంగింది.

"వీడెవడు, వీడు పిల్లాడు!" అంది. "ఎంత బక్కగా ఉన్నాడో చూడు. ఆ చెవులేంటి అంతలేసి! వాటి సంగతే మర్చిపోయాను నేను. పొద్దున్న ఏమన్నా తిన్నాడో లేదో, ఎండలో పడి తోస్తున్నాడు."

ఇన్నాళ్ళూ ఆమె వెతికింది మొగుడి కోసం. వచ్చినవాడికి ఇరవై నాలుగేళ్ళు, ఆమె చిన్న మనవడి కంటే చిన్నవాడు. ఆమెకు ముందొచ్చింది ప్రేమ కాదు, జాలి.

తెర అంచున ఎవరిదో చెయ్యి కనిపించింది, పో పో అని విసురుతూ. పిల్లాడు నవ్వు ఆపేశాడు. తల వంచుకుని యంత్రం తోసుకుంటూ కుడి పక్కకు వెళ్ళిపోయాడు. ఉత్త పచ్చిక మిగిలింది. దాని మీదుగా గౌన్లు నడిచి రావడం మొదలెట్టాయి.

"పొమ్మంటే పోయాడు," అంది ఉలామిలా. "ఒక్క మాట అనకుండా పోయాడు, పిచ్చి సన్నాసి."

కళ్ళు తుడుచుకుని, అపెనిసా చెయ్యి తోసేసి పిడి తను పట్టుకుంది. తిప్పింది.

"అటు కాదే ముసలీ! ఉల్టా తిప్పుతున్నావు!"

"నాకు తెలుసు."

గౌన్లన్నీ వెనక్కి వెనక్కి నడిచి వచ్చిన దారినే పోయాయి. విసిరే చెయ్యి ముడుచుకుపోయింది. కుడి పక్కనుంచి జొనేతనీ వీపు ముందు పెట్టుకుని, వెనకడుగులు వేసుకుంటూ, యంత్రాన్ని లాక్కుంటూ వచ్చాడు. పచ్చిక మధ్యకొచ్చి తలెత్తి నవ్వాడు. ఉలామిలా పిడి వదిలేసింది. బొమ్మ ఆగిపోయింది.

"ఇక్కడే నిలబడు," అంది. "ఎవడు పొమ్మంటాడో నేను చూస్తాను."