ప్రార్థనకు అడ్డొచ్చిన యూపీఎస్

టీచర్ పోస్టు దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు. కంప్యూటర్‌లో అంతా నింపి చివరి పేజీకి వచ్చేసరికి కరెంటు పోయింది. బ్యాటరీ మీద నడుస్తూ యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొదలుపెట్టింది. ముందుగదిలో ప్రార్థన కూటం జరుగుతోంది. “నీ గురించే ప్రార్థన చేస్తున్నారు, ఒక్క నిమిషం రావే,” అని అమ్మ పిలిస్తే, వెళ్లి కళ్లు మూసుకుని నిలబడ్డాను. కాసేపటికి కూత ఆగింది. కరెంటొచ్చిందనుకుని గట్టిగా ఆమెన్ అన్నాను.

కళ్లు తెరిస్తే ఫ్యాన్ తిరగడం లేదు.

“దాని గోలకి ప్రార్థన వినపడట్లేదని నేనే ఆపేశానమ్మా,” అన్నారు పక్కింటి మార్తమ్మ ఆంటీ.

నింపిందంతా పోయింది. కరెంటు ఇంకా రాలేదు. సామర్లకోటలో ఎవరింట్లోనైనా ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంటే చెప్పండి, పరిగెత్తుకొస్తాను.

ఇంతకీ వాళ్లు ప్రార్థించింది, నా దరఖాస్తుకు ఏ ఆటంకమూ రాకూడదనేనండి.