ఎనిమిదో సీసా అయ్వర్

దఫినా తప్పులు రాసి జీతం తీసుకునేది. పొరపాటున కాదు, ఉద్యోగమే అది. దేశమంతటా బడిపిల్లలు రాసే లెక్కల పరీక్షను తయారుచేసే ఆఫీసు ఒకటి మా రాజధాని స్కోప్యేలో ఉంది. అక్కడ ప్రశ్నలు రాసేవాళ్లు వేరే ఉన్నారు, పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లు. ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి కదా, అందులో ఒప్పు ఎవరైనా రాస్తారు. మిగిలిన మూడు తప్పులూ దఫినా రాయాలి.

ఇదీ ఒక పనేనా అని తీసిపారెయ్యకండి. తప్పు జవాబు అచ్చం ఒప్పులా కనపడాలి, కానీ ఒప్పు కాకూడదు. రానివాడు దాన్ని చూడగానే ఎగిరి గంతెయ్యాలి, వచ్చినవాడు దాని మొహం కూడా చూడకూడదు. ఊరికే తోచిన అంకె వేస్తే ఎవడూ దాని జోలికి పోడు. వేలెస్‌లో పంతులమ్మగా ఉన్న రోజుల్లో పిల్లలు చేసే తప్పులంటే దఫినాకు మహా ముచ్చటగా ఉండేది. గుణకారం మధ్యలో కునుకు తీసినవాడికి ఏ జవాబు వస్తుంది, ప్రశ్న సగం చదివి లేచిపోయినవాడికి ఏది వస్తుంది, అన్నీ ఆమెకు కొట్టిన పిండి. ఆ ముచ్చట చూసే ఆమెను ఆఫీసులోకి తీసుకున్నారు.

అలవాటు ఇంట్లోకీ పాకింది. "ఇవాళ ఏం వండావ్?" అని మొగుడు గ్లిగోర్ అడిగితే, "బీన్స్, నిన్నటి బీన్స్, బీన్స్ చారు, పైవేవీ కావు" అనేది. "పైవేవీ కావు" అనేవాడు పాపం, ఆశగా. ఎప్పుడూ బీన్సే. అత్తగారు తొదోర్కా మాత్రం ఊరుకునే రకం కాదు. "మావాణ్ని చేసుకునేటప్పుడు కూడా పక్కన ఇంకో ముగ్గుర్ని నిలబెట్టుకునే చూసుంటుంది" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆఫీసులో ఆమెను అందరూ "తప్పులావిడ" అనేవారు. నవ్వుతూనే అనేవారు, కానీ దఫినాకు ఒళ్లు మండేది. తల నుంచి తోక దాకా తనదే అయిన ప్రశ్న ఒక్కటి పరీక్షలో రావాలని ఆమె కోరిక. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా పై అధికారి మెతోదియా విసిగిపోయి, "సరేనమ్మా, ఒక్కటి రాయండి చూద్దాం" అన్నాడు.

అయ్వర్ అంటే కారంలేని ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి ఉడికించే పచ్చడి, చలికాలానికి సీసాల్లో దాచుకుంటాం. ఆమె రాసింది ఇది: బామ్మ అయ్వర్ పెట్టడానికి ఇరవై కిలోల ఎర్ర మిరపకాయలు కొంది. ఐదు కిలోలకు రెండు సీసాలు అవుతాయి. నేలమాళిగలోకి ఎన్ని సీసాలు చేరాయి?

ఎనిమిది ఒప్పు. తప్పుల్లో, భాగహారం చేసి అక్కడే చతికిలబడేవాడికి నాలుగు. ఐదును వదిలేసి ఇరవైని రెండుతో గుణించి పారేసేవాడికి నలభై. మూడోది ఏడు. ఆ ఏడు ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు, చెయ్యి దానంతటదే రాసేసింది.

ఏ ప్రశ్ననైనా ముందు కొన్ని బళ్లలో పెట్టి చూస్తారు. మంచి ప్రశ్న అయితే చదివేవాళ్లు ఒప్పు పెడతారు, చదవనివాళ్లు బోల్తా పడతారు. ఫలితాలు రాగానే మెతోదియా దఫినాను పిలిచాడు.

"అమ్మా, మీ ప్రశ్న తలకిందులుగా నడుస్తోంది. క్లాసు ఫస్టులంతా ఏడు పెట్టారు. గోడదూకే బ్యాచంతా ఎనిమిది పెట్టి మార్కులు కొట్టేశారు. ఇది పరీక్షలో పెడితే తెలివైనవాళ్లను ఏరి అవతల పారేస్తాం."

దఫినా మర్నాడే ఆ బళ్లలో ఒకదానికి పోయి, క్లాసులో మొదట వచ్చే ఇస్క్రా అనే పిల్లను పట్టుకుంది.

"ఎనిమిదని నీకు రాలేదా అమ్మా?"

"ఎందుకు రాదు టీచర్? అయ్యేవి ఎనిమిదే. నేలమాళిగలోకి చేరినవి ఎన్ని అని కదా మీరడిగింది?"

"అయితే?"

ఇస్క్రా ఆమెకేసి జాలిగా చూసింది. "ఆఖరి సీసా నిండనిస్తారా ఎవరైనా? వేడివేడిగా రొట్టెమీద వేసుకు తినెయ్యరూ? మీ ఇంట్లో తినరా ఏంటి?"

తినరా అంటే ఏం చెప్తుంది! దఫినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్లమ్మ గిన్నె అడుగు గీకి రొట్టెకు రాసి పెట్టడమే గాని ఆఖరి సీసాకు మూత పడింది లేదు. ఏడు ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఎనిమిది పెట్టిన వెనకబెంచీ వీరుణ్ని కూడా అడిగింది. "ప్రశ్నలో సీసాలున్నాయా టీచర్? నేను అంకెలే చూశా" అన్నాడు వాడు.

ఏ ప్రశ్న ఉండాలో, ఏది పోవాలో ఆఖరి సంతకం వౌటర్‌ది. పరీక్షలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడ్డానికి హాలెండ్ నుంచి వచ్చిన సలహాదారు ఆయన. మా భాష పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు, అందుకని శాసనం చదివినట్టు మాట్లాడేవాడు.

"పరిష్కారము సులభము. ఏడును తొలగించి తొమ్మిదిని నిలుపుడు. ప్రశ్న బ్రతుకును" అన్నాడు సమావేశంలో.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. దఫినా "అలాగే" అంటే చాలు, ప్రశ్న పరీక్షలోకి పోయేది. కానీ ఆమె లేచి నిలబడింది. మెతోదియా కూర్చోమని కళ్లతో బతిమాలుతూనే ఉన్నాడు.

"తొమ్మిదా? అయ్వర్ ఎక్కడన్నా పెరుగుతుందా అండీ? ఇన్నేళ్లలో నేను రాసిన తప్పుల్లోకెల్లా గొప్ప తప్పు ఆ ఏడు! కావాలంటే శనివారం మా ఇంటికి రండి. అదెంత సహజమైన తప్పో కళ్లారా చూసి, అప్పుడు తీసెయ్యండి."

శనివారం వౌటర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్టోబర్ నెల, వీధి వీధంతా కాలిన మిరపకాయల వాసన. పెరట్లో రేకు పొయ్యిమీద ఇరవై కిలోలు కాలుతున్నాయి. తొదోర్కా ఆయన్ని ఎగాదిగా చూసి, తన పూల ఏప్రన్ మెడలో వేసి, తొక్కలు తియ్యమని కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికల్లా ఆయన వేళ్లు నల్లబడ్డాయి, ముక్కుమీద మసి అంటింది. గరిటె తిప్పి తిప్పి తొదోర్కా చివరికి సీసాలు నింపడం మొదలుపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు" అన్నాడు వౌటర్.

"లెక్కపెట్టకు బాబూ, దిష్టి తగుల్తుంది."

ఏడు సీసాలకు మూతలు పడ్డాయి. గిన్నెలో ఇంకో సీసాకు సరిపడా ఉంది, బల్లమీద ఖాళీ సీసా కూడా ఉంది. తొదోర్కా దాని వంక చూడనైనా చూడకుండా రొట్టె కోసింది.

"అమ్మా, ఎనిమిదవ సీసాను నింపవలెను కదా?"

"నింపుదాంలే. ముందు ఉప్పు సరిపోయిందో లేదో చూడు."

మొదటి ముక్క ఉప్పు కోసం తిన్నాడు. ఒక్కసారి కొలిస్తే నమ్మకూడదన్నది ఆయన వృత్తి ధర్మం, అందుకని రెండోది తిన్నాడు. మూడోదానికి తెల్ల చీజ్ కలిసింది. నాలుగోదానికి ఏ కారణమూ చెప్పలేదు. గోడ అవతలి పక్కింటావిడ సొంత రొట్టె పట్టుకుని మరీ వచ్చింది. గ్లిగోర్ రెండు చేతులా తింటున్నాడు. చివరికి వౌటరే గిన్నె వాల్చి, రొట్టె అంచుతో అడుగంతా గీకేశాడు. ఖాళీ సీసా ఖాళీగానే ఉంది.

వౌటర్ వేళ్లు తుడుచుకుని, జేబులోంచి ప్రశ్న ఉన్న కాగితం తీశాడు.

"ఏడు సరియే" అన్నాడు.

"చూశారా! నేను చెప్పలా!" దఫినా చప్పట్లు కొట్టింది.

"ఏడు సరియైన సమాధానము. ఎనిమిదియు సరియైనదే. రెండు సరియైన సమాధానములు గల ప్రశ్న పరీక్షయందు ఉండరాదు. మిక్కిలి చింతించుచున్నాను."

చింతిస్తూనే ప్రశ్న మొత్తాన్ని అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు. కాగితం మీద నూనె మరక కూడా పడింది.

దఫినా మిరపకాయల గంపమీద కూలబడింది. నిజంగానే ఏడుపొచ్చింది ఆమెకు. నోరు మూసుకుని తొమ్మిదికి తలూపి ఉంటే ప్రశ్న బతికి ఉండేది.

"ఏమంటాడే ఈ పుస్తకాలాయన?" అంది తొదోర్కా.

"నా ప్రశ్న తీసేశాడత్తయ్యా."

"ఏం, తప్పు రాశావా?"

"లేదు. తప్పు రాయబోయి ఒప్పు రాశాను."

"ఇన్నేళ్లకా!" అంది తొదోర్కా. తర్వాత వౌటర్ ముందు మిగిలిన ఆఖరి రొట్టెముక్క లాక్కుని కోడలి నోట్లో పెట్టింది.