ఎడమచేతి కుట్టు

మా వదినకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతును నలభై ఏళ్ళలో నేను మూడుసార్లే విన్నాను. మొదటిసారి, మా అన్నయ్య ఆమె పుస్తకాలకు బెజ్జాలు పొడిచే ఆరె పట్టుకెళ్ళి చెప్పుల పట్టీకి బెజ్జం పొడుచుకున్నప్పుడు. రెండోసారి, లైబ్రరీకి కొత్తగా వచ్చిన అధికారి పాత సంపుటాలను తూకానికి వెయ్యమన్నప్పుడు. మూడోసారి, తోడబుట్టిన చెల్లెలి విషయంలో. నేను రాస్తున్నది ఆ మూడోదాని గురించి.

వదిన కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బైండరుగా పనిచేసింది. లైబ్రరీ వెనక జనరేటరు పక్కన చిన్న గది. రెండు చెక్క ప్రెస్సులు, ఒక కోత మిషను, కిటికీ గట్టు మీద మైదాపిండి జిగురు గిన్నె. ఆమెది ఎడమచేతివాటం. చిన్నప్పుడు బళ్ళో ఆ చేతి మీద కొట్టీ కొట్టీ రాతను కుడిచేతికి మార్చగలిగారు గాని సూదిని మార్చలేకపోయారు. "రాత వాళ్ళు మార్చారు, కుట్టు నాకు మిగిల్చారు" అనేది. అందుకే ఆమె కుట్టిన పుస్తకం వీపు మీద గొలుసు కుట్టు అందరి కుట్టుకూ ఎదురు వైపు వాలి ఉంటుంది. చూపిస్తే తప్ప తెలియదు.

చెల్లెలు ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. వేరే ఊళ్ళో ఉండేది, ఇళ్ళలో గదులు అలంకరించే పని చేసేది. ఆమె ప్రతి పుట్టినరోజుకూ వదిన ఒక పుస్తకం చేసి పంపేది. లోపల ఆకుల అచ్చులు, కత్తిరించి అతికిన బొమ్మలు, రంగు కాగితాల మీద కాగితాలు. ముందు కాగితం మీద "చిన్నదానికి, అక్క" అని రాసేది. అలా పద్నాలుగేళ్ళు, పద్నాలుగు పుస్తకాలు.

పదకొండో పుస్తకంలో ఇంకొకటి కూడా పెట్టింది. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఇద్దరు పిల్లలకూ ఒకే తానులో గౌన్లు కుట్టాలని కొలతలు రాసుకున్న చీటీ ఒకటి మిగిలిపోయింది. "పెద్దది, చెయ్యి తొమ్మిది. చిన్నది, చెయ్యి ఆరు. చిన్నది ఎదుగుతుంది, మడత వదలాలి." ఆ తల్లి చేతిరాత లోకంలో మిగిలింది ఆ మూడు వరుసలే. వదిన దాన్ని ముందు కాగితం మీద అతికింది.

"అదొక్కటీ నీ దగ్గర ఉంచుకో వదినా" అన్నాను.

"నాకు అమ్మ మొహం గుర్తుంది. చిన్నదానికి అదీ లేదు. దానికే కావాలి" అంది.

వదిన రిటైరైన ఏడు, ఆమెతో పనిచేసిన గుమాస్తా ఒక కరపత్రం తెచ్చి ఇచ్చాడు. "పుస్తక కళా శిబిరం. మూడు రోజులు. మీ చేతులతో మీరే ఒక కానుక తయారు చెయ్యండి." పైన ఫొటోలో ఉన్నది ఆ పదకొండో పుస్తకమే. కింద "శిబిర నిర్వాహకురాలి స్వహస్తాలతో" అని, ఆ పక్కన చెల్లెలి పేరు. అక్కకు తెలియకుండా ఆమె ఆరేళ్ళుగా ఈ శిబిరాలు నడుపుతోందట.

వదిన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూసింది. "ఫొటో బాగా వచ్చింది" అంది. గొంతు తగ్గింది.

"ఫోన్ చేసి కడిగెయ్యి" అన్నాను.

"ఫోన్‌లో ఎవరికి వినిపిస్తుంది? వెళ్దాం. ఆ పుస్తకాలు ఎవరివో దాని నోటితోనే, పదిమంది ముందు చెప్పిస్తా. నువ్వూ రా. జన్మంతా పుస్తకాలు చదవడమేగా, ఒక్కటైనా చేసి చూద్దువుగాని."

చెల్లెలు పోల్చుకోకుండా దరఖాస్తులు రెండూ మా అత్తవారి ఇంటిపేరుతో నింపాం.

శిబిరం ఊరి బయట, పొడవాటి వరండా ఉన్న ఒక మేడలో. మాతో కలిపి ఇరవై ఇద్దరు. వచ్చినవాళ్ళందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించుకున్నారు. చెల్లెలు మెట్లు దిగుతూ అక్కను చూసింది. రెయిలింగు మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం నవ్వు వచ్చి మొహం మీద కూర్చుంది.

"కొత్తవాళ్ళా? రండి, రండి" అంది.

"కొత్తవాళ్ళమే మేడమ్" అంది వదిన.

పాఠం మొదలైంది. నేను అందరి వంకా చూశాను, ఏదో తేడాగా ఉంది గాని ఏమిటో అంతుపట్టలేదు. ఇరవై మందీ సూది కుడిచేత్తో పట్టుకుని ఎడమ చివర నుంచి మొదలుపెడుతున్నారు. చెయ్యి పుస్తకానికి అడ్డం పడుతోంది, మోచేతులన్నీ గాలిలోకి లేస్తున్నాయి. నా పక్కన ఒక రిటైర్డ్ నర్సు కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళు సూదులు పొడిచానమ్మా" అందావిడ, నెమ్మదిగా. "ఏ సూదీ నాకిట్లా అడ్డం తిరగలా. మూడోసారి వస్తున్నా, మోచెయ్యి పోయింది గాని విద్య రాలా."

చెల్లెలు అటుగా వచ్చింది. "కష్టంగా ఉందంటే సరిగ్గా చేస్తున్నారన్నమాట. మన పద్ధతి రహస్యమే అది, ఓర్పు."

అప్పుడు నాకు వెలిగింది. చెల్లెలికి ఎవరూ నేర్పలేదు. అక్క పంపిన పుస్తకాల వీపులు చూసి, దారం ఎటు మొదలై ఎటు పోయిందో వెతుక్కుంటూ, ఉన్నదున్నట్టు దింపేసింది. ఎడమచేతి కుట్టును ఆరేళ్ళుగా కుడిచేతులకు నేర్పుతోంది. వదిన వంక చూశాను. తల వంచుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

"సూది కోసం సోదికెళ్తే..." అని గొణిగి ఆగింది. ఈ వ్యవహారం ఆ నవ్వుతోనే తేలిపోతుందనుకున్నాను.

భోజనాలయ్యాక అందరూ వరండాలోకి వెళ్ళారు. వదిన తన పుస్తకాలన్నీ వరసగా పేర్చి ఉన్న అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళి పదకొండో పుస్తకం తీసింది. తెరవకుండానే బొటనవేలితో అంచును ఒకసారి దువ్వింది.

"వదులుగా ఉంది" అంది.

కాగితాలను మధ్యకు మడిచి కట్టగా కుడతారు. ముందు సగాన్ని కోసేస్తే వెనక సగానికి పట్టు ఉండదు, అది ఊగుతుంది. తెరిచి చూస్తే మడతకు ఆనించి బ్లేడుతో కోసిన గాటు. "చిన్నదానికి, అక్క" లేదు. అమ్మ రాత లేదు. ఆమె ఒక్కొక్కటే తీసి దువ్వుకుంటూ పోయింది.

"పద్నాలుగూ" అంది చివరకు. ఆ మాట పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర చెల్లెలు మమ్మల్ని పట్టుకుంది.

"ఎందుకొచ్చావక్కా?"

"అందరూ ఎందుకొచ్చారో అందుకే. నేర్చుకుందామని."

"ఇంట్లో మాట్లాడుకుందాం. వీళ్ళంతా నన్ను నమ్ముకుని వచ్చారు."

"అమ్మ రాసిన కొలతల చీటీ ఏదే?"

చెల్లెలు కుళాయి తిప్పింది. చేతులు కడుక్కోలేదు, నీళ్ళను పోనిచ్చింది. "ఎక్కడో ఉంటుంది. చూడాలి."

"చూడు. ఎల్లుండి సాయంత్రం దాకా టైముంది."

"ఇచ్చేశావు కదక్కా? కానుకని నువ్వే ఇచ్చావు. నా వస్తువు నేనేం చేసుకుంటే నీకెందుకు?"

"పుస్తకం నీదే. కోసేసింది నా పేరు."

చెల్లెలు నా వంక తిరిగింది. "వదినగారూ, మీరైనా చెప్పండి."

నేను కుళాయి కట్టేశాను.

ఆ శిబిరానికి ఒక నియమం ఉంది. మొదటిరోజు అందరూ, మేడమ్‌తో సహా, పేర్లు రాసి ఒక డబ్బాలో వేస్తారు. ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్ళ కోసం పుస్తకం చెయ్యాలి, చివరి సాయంత్రం అందరి ముందూ ఇవ్వాలి. నర్సుకు మేడమ్ పేరు వచ్చింది. వదినకు నా పేరు వచ్చింది.

"మార్చుకుందామా?" అంది వదిన నర్సుతో. "మేడమ్‌కి చెయ్యాలంటే మీకు భయం కదా. నాకొచ్చినావిడతో మీకే బాధా ఉండదు. రెండు అట్టల మధ్య ఏదున్నా చదివేస్తుంది."

నర్సు సంతోషంగా మార్చుకుంది.

తర్వాతి రెండు రోజులూ వదిన కిటికీ మూల గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు కూడా చూపించలేదు. చెల్లెలు అటుగా నాలుగైదుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా వదిన పని మీద గుడ్డ కప్పి, "చీటీ దొరికిందా మేడమ్?" అని అడిగేది. దొరకలేదు.

కానుకల సాయంత్రం వచ్చింది. కుర్చీలు గుండ్రంగా వేశారు. నర్సు నాకు వంకరటింకర పుస్తకం ఒకటి ఇచ్చింది, ఇప్పటికీ నా దగ్గరుంది. వదిన లేచి వెళ్ళి నీలం గుడ్డ అట్ట పుస్తకాన్ని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. అంత నున్నటి పుస్తకం ఆ గదిలో ఇంకొకటి లేదు. అందరూ మూగారు. తెరవక తప్పలేదు.

ప్రతి పేజీకీ నిజమైన చిన్న కుట్టు ఒకటి, ఎర్ర దారంతో, కుట్టే తీరులో ఒక్కో మెట్టు చొప్పున. కింద రాత. చెల్లెలు చదవడం లేదని నర్సు వంగి పైకి చదివింది.

"మొదటి మెట్టు. కుడిచేతివాటం వాళ్ళు కుడి చివర మొదలుపెట్టాలి."

చెల్లెలు మూసెయ్యబోయింది. "ఉండండి మేడమ్, ఇదేదో నా మోచేతి గొడవలా ఉంది" అని నర్సు పేజీ తిప్పింది. "రెండో మెట్టు. చెయ్యి పుస్తకానికి అడ్డం రాకూడదు. మూడో మెట్టు. మోచెయ్యి పైకి లేస్తుంటే ఎడమచేతి మనిషి కుట్టింది చూసి నేర్పుతున్నారన్నమాట."

వెనక ఎవరో సూది తీసుకుని కుడి చివర నుంచి రెండు పోట్లు వేశారు. "అబ్బ, నూనె రాసినట్టు పోతోంది" అన్నారు. ఇంకొకరు. మరొకరు. గదంతా దారం కాగితంలోంచి జారే చప్పుడు.

నర్సు ఆఖరి పేజీ చదివింది. "చిన్నదానికి. ఇకనైనా నీ చేత్తో నువ్వు కుట్టుకోవడానికి. అక్క." చదివాక ఆమె గొంతు మారింది. "మేడమ్, మీది ఎడమచేతివాటమా?"

"కాదు."

"మరి బీరువాలోవి ఎవరు చేశారు?"

చెల్లెలు తన కుడిచేతిలోని పెన్ను వంక చూసుకుంది. "మా అక్క" అంది.

"ఏ అక్క?"

వదిన సాయపడలేదు. గ్లాసు తీసుకుని నీళ్ళు తాగుతూ కూర్చుంది. చెల్లెలు చెయ్యెత్తి చూపించాల్సి వచ్చింది. నాకు జాలి వెయ్యలేదు. ఇంత వయసొచ్చాక అబద్ధం రాయడమెందుకు, హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. చెల్లెలు చెప్పుల్లేకుండా వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నీ కడుపు చల్లబడిందా?"

"సగం. చీటీ ఇస్తే మిగతా సగం."

"ఉంది. మా ఇంట్లో, బట్టల బీరువాలోనే ఉంది. పారేశాననుకున్నావు కదూ." ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "మడత వదలాలని అమ్మ రాసింది నా కోసం. నీ గురించి తొమ్మిదని రాసి ఊరుకుంది. అది నాది. నువ్వు బతికుండగా నీ కంట పడనివ్వను."

వదిన సంచీ తీసి భుజానికి తగిలించుకుంది. బస్సు వచ్చింది.

టిక్కెట్లు వదినే తీసుకుంది. తర్వాత అంది, "పారెయ్యలేదు." ఇంకాస్త దూరం పోయాక, "ఇవ్వదట." రెండూ ఒకే గొంతుతో అంది. ఏది సంతోషమో ఏది కాదో నేను తేల్చుకోలేకపోయాను.

ఇది జరిగి ఆరేళ్ళయింది. చెల్లెలు శిబిరాలు మానలేదు, ఇప్పుడు కుడి చివర నుంచే నేర్పుతోందని నర్సు ఉత్తరం రాసింది. బీరువా మాత్రం ఖాళీ చేసిందట. అక్కాచెల్లెళ్ళ మధ్య మాట లేదు. కాని పుట్టినరోజుకు పుస్తకం వెళ్తూనే ఉంది. ప్రతిదానిలో ముందు కాగితం మీద ఆ చీటీ కొలతకు సరిగ్గా సరిపోయే ఖాళీ జేబు ఒకటి, దాని కింద "చిన్నదానికి, అక్క." ఆ కాగితాన్ని వదిన మడతలో వదలదు, పుస్తకమంతా నడిచే దారాన్నే దానిలోంచి పోనిస్తుంది. ఈసారి బ్లేడు పెడితే పుస్తకం పుస్తకమే ఊడి చేతిలోకొస్తుంది. ఇప్పటికి ఆరు వెళ్ళాయి. అందాయని కబురు లేదు, తిరిగీ రాలేదు.

ఈ ఏడు ఆమె చెయ్యి వణుకుతోంది. సూదిలోకి దారం నేనే ఎక్కిస్తున్నాను.

"ఎన్నాళ్ళు పంపుతావు వదినా?"

"దానికి సిగ్గొచ్చేదాకా."

"రాకపోతే?"

"దారానికి మైనం పట్టించు" అంది. గొంతు ఇంకా తగ్గే ఉంది.