వెనక సీటు సంగతి అడిగిన ఆయిల్ షాపాయన

ఈ సాయంత్రం బైక్‌కి ఇంజిన్ ఆయిల్ కొనడానికి బందరులో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాను. బదిలీ మీద ఒక్కణ్ణే ఈ ఊరు వచ్చాక కొన్న బండి, ఇంకా వారంటీలోనే ఉంది. దానికి మంచి చేద్దామని అన్నిటికంటే ఖరీదైన డబ్బా ఇమ్మన్నాను.

"ఖరీదు కాదండీ, బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాశారో అదే పొయ్యాలి. అదీ సర్వీస్ సెంటర్‌లో పోయించండి. రేపు ఇంజిన్‌కి ఏమైనా అయితే వారంటీ వర్తించదంటారు," అన్నారు షాపాయన. "ఇంతకీ లోడు ఎక్కువేస్తారా? వెనక ఎవరు కూర్చుంటారు?"

"కొన్న దగ్గర్నుంచీ ఎవరూ కూర్చోలేదండీ."

మామూలుగానే చెప్పాననుకున్నాను. ఆయనకి మాత్రం అలా వినిపించలేదేమో. షాపు మూసే వేళైంది కాబోలు, షట్టర్ దించేసి, "అయితే నన్ను కోనేరు సెంటర్లో దింపెయ్యండి మాస్టారూ," అంటూ వెనకెక్కారు. దారి పొడుగునా నా భుజం మీద చెయ్యేసి, వాళ్ల అమ్మాయి చదువు గురించి చెబుతూనే ఉన్నారు. గేరు మార్చడం కూడా మర్చిపోయి విన్నాను.

ఆయన దిగాక బండి ఒక్కసారిగా తేలికైపోయింది. అదేమీ బాగాలేదు.

ఆదివారం పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్దామనుకుంటున్నాను. బందరువాళ్లు ఎవరైనా వస్తారా? దారంతా మాట్లాడుతూనే ఉండాలి, అదొక్కటే షరతు.